పెన్నమ్మ కనిపెట్టిన జబ్బు

ఉలహన్నాన్ సారు పీర్మేడు కొండమీది చర్చి హైస్కూల్లో ముప్పై ఒక్క ఏళ్లు భౌతికశాస్త్రం చెప్పాడు. అందులోనూ ఘర్షణ పాఠం ఆయన సొంత ఆస్తి. రెండు వస్తువులు ఒకదానితో ఒకటి రాసుకుంటే ఏది అరుగుతుందో, ఎందుకు అరుగుతుందో, ఎంత వేడి పుడుతుందో ఆయన చెబుతుంటే పక్క తరగతి పిల్లలు కూడా అల్లరి మానేసి వినేవారట. ఈ సంగతి ఊళ్లో అందరికీ తెలుసు, ఆయనే చెప్పాడు కాబట్టి. అంతటి పండితుడు రిటైరైన ఏడాదే డ్రైవింగ్ నేర్చుకుని కారు కొన్నాడు. కొన్న రోజు నుంచి ఆరేళ్ల పాటు, బండి కదులుతున్నంతసేపూ ఎడమకాలు క్లచ్ పెడల్ మీద పెట్టి, అక్కడే మరిచిపోయాడు.

కానీ ఈ కథ ఆయనది కాదు. ఆయన గురించి చెప్పడానికి ఆయన ఒక్కడే చాలు. ఇది ఆ ఆరేళ్లూ ఆయన పక్క సీట్లో కూర్చున్న ఆయన భార్య పెన్నమ్మ కథ.

పెన్నమ్మ పుట్టిల్లు కొండ దిగువన, పాలా దగ్గర. తండ్రికి పిండిమర ఉండేది. గది ఆ మూల మోటారు, ఈ మూల మర, రెండిటినీ కలుపుతూ జానెడు వెడల్పు తోలు బెల్టు. బయట వసారాలో లెక్కలు చేసుకుంటున్న పదేళ్ల పెన్నమ్మ పలక మీంచి తల ఎత్తకుండానే, “అప్పచ్చా, బెల్టు జారుతోంది” అని కేకేసేది. మోటారు గొంతు పెరిగి మర గొంతు తగ్గిందంటే బెల్టు జారుతున్నట్టు. పట్టించుకోకపోతే కాసేపటికి కమురు వాసన. తండ్రి లేచి బెల్టు మీద గుగ్గిలం పొడి చల్లేవాడు. మర మళ్లీ దారికొచ్చేది. ఆ పిల్ల చెవి ఒక్కసారి కూడా తప్పలేదు.

ఆ పిల్ల పదో తరగతి మంచి మార్కులతో పాసైంది. అంత బాగా చదివినందుకు బహుమానంగా చదువు మాన్పించి, మూడేళ్లకి పెళ్లి చేశారు. “దానికి యంత్రాలంటే ఇష్టం, అల్లుడు సైన్సు మేష్టారు, ఇంకేం కావాలి” అని తండ్రి మురిసిపోయాడు. ఆ ఏర్పాటు చక్కగానే కుదిరింది. ఇంట్లో సైన్సంతా ఆయన చూసుకున్నాడు. ఎకరంన్నర ఏలకుల తోట, కాయ ఆరబెట్టే కొట్టం, పాడి ఆవు, పాడయ్యే పంపు, కారే కప్పు, కూతురు జాన్సీ పెంపకం లాంటి చిల్లర విషయాలు ఆవిడ చూసుకుంది.

ఊరంతా ఆయన్ని సారు అంటుంది కాబట్టి ఆవిడా సారూ అనే పిలిచేది. ఊళ్లోవాళ్ల నోట అది గౌరవం. ఆవిడ నోట ఏమిటనేది ఆ రోజును బట్టి ఉండేది.

కారు సెకండ్ హ్యాండుది, తెల్లటి డీజిలు బండి. ఏ కంపెనీదో చెప్పడం అన్యాయం, ఆ కంపెనీ ఏ పాపమూ చేయలేదు. కాలు అలా పెడల్ మీదే ఎందుకుంచుతున్నారని పెన్నమ్మ మొదటి వారంలోనే అడిగింది.

“కొండదారి కదే. ఎప్పుడు తొక్కాల్సి వస్తుందో తెలీదు. సిద్ధంగా ఉండాలి” అన్నాడు సారు.

అలా ఆరేళ్లు సిద్ధంగా ఉన్నాడు.

మొదట తేడా వచ్చింది ఆయన మోకాలిలో. కొత్తలో పెడల్ సగం పైకి రాగానే బండి కదిలేది. ఆరో ఏడాది వానలు వెలిసేసరికి పెడల్ దాదాపు పూర్తిగా పైకొస్తే తప్ప కదలడం లేదు. ఆయన మోకాలు స్టీరింగు దాకా లేస్తోంది. పైగా పెడల్ బిగుసుకుపోయి, తొక్కినప్పుడల్లా ఆయన పళ్లు బిగబట్టేవాడు. పక్కన కూర్చున్న మనిషికి ఇవన్నీ కనిపిస్తాయి. ఆ ఇద్దరి కాళ్ల మధ్య ఉన్నది ఒక్క గేరు రాడ్డే.

“సారూ, క్లచ్చు బాగా పైకొచ్చాక పట్టుకుంటోంది. చూశారా?”

“పట్టుకుంటోంది కదా?”

“ఇదివరకు కిందే పట్టుకునేది.”

“ఇదివరకు నేను కూడా కిందే కూర్చుని భోంచేసేవాణ్ని. వయసొచ్చాక ఎవరైనా పైకే వస్తారు” అని, ఆ చమత్కారానికి తనే నవ్వుకుని, సీటు రెండంగుళాలు వెనక్కి జరిపాడు.

రెండో తేడా ముండక్కయం సంత నుంచి బియ్యం బస్తా, కొబ్బరికాయలు వేసుకుని కొండెక్కుతున్నప్పుడు వచ్చింది. మూడో గేరులో పోతూ సారు కుడికాలు గట్టిగా నొక్కాడు. ఇంజిన్ ఒక్కసారి గొంతెత్తి అరిచింది. బండి మాత్రం తనని కాదన్నట్టు అదే నడకతో వెళ్లింది. కిటికీలోంచి పెన్నమ్మ చూస్తోంది. రోడ్డు పక్కన గొడుగు వేసుకుని నడుస్తున్న ముసలాయన్ని దాటడానికి వాళ్లకి చాలాసేపు పట్టింది. దాటేలోగా ఆయన వాళ్లిద్దరి కుశలమూ అడిగి, జాన్సీ ఎలా ఉందో కూడా కనుక్కున్నాడు.

పెన్నమ్మ చెవి రిక్కించింది. మోటారు గొంతు పెరిగింది, మర గొంతు తగ్గింది. నలభై ఐదేళ్ల తర్వాత మళ్లీ అదే మోత.

“సారూ, జారుతోంది.”

“ఏం జారుతోంది? టైర్లు కొత్తవి.”

“టైర్లు కాదు, లోపల. ఇంజిన్ తిరుగుతున్నదంతా చక్రాలకి అందట్లేదు. మా అప్పచ్చన్ మరలో బెల్టు జారితే ఇలాగే అరిచేది.”

“పెన్నమ్మా, ఇది కారు. పిండిమర కాదు.” ఆయన జాలిగా నవ్వాడు. “డీజిల్లో కల్తీ.”

ఇల్లు చేరగానే పెట్రోలు బంకు యజమానికి రెండు పేజీల ఉత్తరం రాశాడు. దహనక్రియ ఎలా జరుగుతుందో బొమ్మ గీసి మరీ వివరించాడు. బంకు యజమాని ఒకప్పుడు ఆయన దగ్గర చదువుకున్నవాడే. సారు చేతిరాత ఇప్పటికీ ముత్యాల్లా ఉందని ఎదురు జవాబు పంపాడు. సారు బంకు మార్చాడు. కొత్త బంకు డీజిలు పోసుకుని ఇంజిన్ ఇంకొంచెం ఉత్సాహంగా అరిచింది.

మూడోది వాసన. డిసెంబరులో కూతురి ఇంటినుంచి వస్తుండగా, కొండ సగం ఎక్కేసరికి కారులో కమురు వాసన గుప్పుమంది. కాలిన తోలు కాదు, దానికి పిన్నమ్మ కూతురి వరస. సారు బండి పక్కకి ఆపి, ముక్కు ఎగబీల్చి, వెనక సీటు వైపు తిరిగాడు. అక్కడ జాన్సీ కట్టిచ్చిన ఎండు నెత్తళ్ల పొట్లం ఉంది.

“అది తీసి బయట పెట్టు.”

“ఎండు చేపలు కాలిన వాసన వేస్తాయా సారూ?”

“ఎండినవి కదా. ఎండ తగిలితే వేస్తాయి.”

ఎండ అనేది ఆ కొండమీద నాలుగు రోజులుగా లేదు. అయినా ఆయనే దిగి పొట్లం తీసి పిట్టగోడ మీద పెట్టి వచ్చాడు. బండి కదులుతుండగా పెన్నమ్మ వెనక్కి తిరిగి చూసింది. ఒక కాకి వచ్చింది, ఆ వెనకే దాని బంధుబలగం. నెత్తళ్లు పోయాయి. వాసన మాత్రం ఇంటి షెడ్డు దాకా వాళ్లతో వచ్చింది.

“ఇంకా వస్తోందేంటి సారూ?”

“సీట్లకి పట్టేసింది. నీ కూతురికి చెప్పు, ఇంకెప్పుడూ కట్టివ్వద్దని.”

జనవరిలో వణుకు మొదలైంది. మొదటి గేరు వేసి క్లచ్ వదిలితే బండి చలిజ్వరం వచ్చినవాడిలా గజగజలాడి, తర్వాత కదిలేది. రోడ్డు కాంట్రాక్టరు దొంగ అన్నాడు సారు. వణుకు ఇంటి వాకిట్లోనే, నున్నటి సిమెంటు మీదే వస్తోందని పెన్నమ్మ గుర్తుచేసింది. సిమెంటు మేస్త్రీ కూడా దొంగే అన్నాడు. ఆ సిమెంటు మూడు రోజులు దగ్గరుండి వేయించింది ఆయనే.

ఆ నెలాఖరుకి ఎడమ మోకాలు వాచింది. అంత గట్టి పెడల్‌ని రోజూ తొక్కితే వాయక ఏం చేస్తుంది? సారు కుమిళిలో వైద్యుడి దగ్గరికి బస్సులో వెళ్లాడు. వైద్యుడు మోకాలు నొక్కి చూసి వాతం అన్నాడు. ఇరవై ఒక్క రోజులు నూనె మర్దన, బండి తోలకూడదు, వంకాయ తినకూడదు. ఆ విధంగా కారు జబ్బుకి సారు కాలికి చికిత్స మొదలైంది.

ఆయన మర్దనకి వెళ్లిన మూడో రోజు పెన్నమ్మ పరీత్‌కి ఫోన్ చేసింది.

పరీత్‌ది రోడ్డు మలుపులో ఉన్న వర్క్‌షాపు. జీపులు బాగుచేయడంలో ఆ కొండమీద అతన్ని మించినవాడు లేడు. ఒకప్పుడు సారు దగ్గర తొమ్మిదో తరగతి రెండుసార్లు చదివాడు. ఇష్టపడి కాదు. సారు లేని సమయం చూసి వచ్చి, పెన్నమ్మ చెప్పిందంతా విన్నాడు. పైకొచ్చిన క్లచ్చు, అరుపు, వాసన, వణుకు, బిగుసుకున్న పెడల్. అంతా విన్నాక చేతులు తుడుచుకుని బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. పెద్దావిడని చేడత్తీ అని పిలవడం ఆ ఊరి అలవాటు.

“చేడత్తీ, నేను చూడనక్కర్లేదు. మీరే చూడండి. కూర్చోండి ఇక్కడ.”

అతను తెరిచింది డ్రైవరు వైపు తలుపు.

“నేనా? నాకు నడపడం రాదు పరీత్.”

“నడపొద్దు. కదలకుండా ఉండే పరీక్ష ఇది.”

చక్రాల ముందూ వెనకా కొయ్య దుంగలు పెట్టాడు. హ్యాండ్ బ్రేకు బిగించి లాగాడు. పెన్నమ్మ చీర కుచ్చిళ్లు సర్దుకుని, చెప్పులు బయట విప్పి, ఆరేళ్లుగా పక్కనుంచి చూస్తున్న సీట్లో మొదటిసారి కూర్చుంది. స్టీరింగు తను అనుకున్నదానికంటే సన్నగా ఉంది. తాళం తిప్పగానే ఇంజిన్ అరికాళ్లలోంచి ఎక్కి మోకాళ్ల దాకా వచ్చింది. ఆవిడకి ఎందుకో తండ్రి మరగది గచ్చు మీద ఉత్తకాళ్లతో నిలబడ్డట్టు అనిపించింది.

పరీత్ కిటికీ దగ్గర వంగి చెప్పాడు. “క్లచ్చు పూర్తిగా తొక్కండి. మూడో గేరు. ఆ, అదే. ఇప్పుడు కుడికాలు కొంచెం నొక్కి, ఎడమకాలు మెల్లగా తీసేయండి. భయపడకండి, ఎక్కడికీ పోదు. క్లచ్చు బాగుంటే ఇంజిన్ ‘నావల్ల కాదు’ అని టక్కున ఆగిపోవాలి.”

పెన్నమ్మ కాలు మెల్లగా తీసింది. మొత్తం తీసేసింది. బ్రేకు బిగిసి ఉంది, గేరులో ఉంది, క్లచ్ మీద ఎవరి కాలూ లేదు. ఇంజిన్ హాయిగా తిరుగుతూనే ఉంది. కాసేపటికి ఆ వాసన కూడా వచ్చింది. ఈసారి కారులో ఎండు చేపలు లేవు.

“ఆగట్లేదు” అంది పెన్నమ్మ.

“ఆగదు. క్లచ్ ప్లేటు అరిగి నున్నబడిపోయింది. ఇటు ఇంజినూ అటు చక్రాలూ విడాకులు తీసుకున్నాయి, ఒకే ఇంట్లో ఉంటున్నాయి, అంతే. ఆపేయండి, ఇంకా కాల్చొద్దు.” పరీత్ ఆవిడ వైపు వింతగా చూశాడు. “పేరు పెట్టి చెప్పలేకపోయారు గానీ రోగం మొత్తం మీరే చెప్పేశారు చేడత్తీ. నా దగ్గర పదేళ్లు పనిచేసినవాళ్లు కూడా వాసన దాకా వస్తే గానీ కనిపెట్టలేరు.”

ఆవిడకి అలాంటి మాట ఎవరైనా చెప్పి ఎన్నాళ్లయిందో ఆవిడకే గుర్తులేదు. కాఫీ తాగుతావా అని అడిగింది.

కాఫీ అవకముందే సారు వచ్చాడు. కాలి నిండా నూనె, ముఖం నిండా అనుమానం.

“నా కారు ఎవరు ముట్టుకున్నారు?”

“క్లచ్ పోయింది సారే. ఎక్కువ రోజులు ఆగదు. ఎత్తు మీద చిక్కుకుపోతారు” అన్నాడు పరీత్ లేచి నిలబడి.

“నువ్వా చెప్పేది? తొమ్మిదో తరగతిలో ఘర్షణ అంటే ఏమిట్రా అని అడిగితే ఏం చెప్పావో గుర్తుందా?”

“గుర్తుంది సారే. చేతికి నల్లగా అంటుకునేది అని చెప్పాను. బెంచీ ఎక్కించారు.”

“మరి?”

“ఇప్పటికీ అంటుకుంటూనే ఉంది సారే” అని పరీత్ రెండు చేతులూ చూపించాడు.

సారు అతన్ని గేటు దాకా సాగనంపాడు, మర్యాద కోసం కాదు. ఘర్షణలో ఫెయిలైనవాడు తనకి ఘర్షణ గురించి చెప్పడమేమిటని ఆ సాయంత్రమంతా బాధపడ్డాడు. చెప్పింది పరీత్ కాదు, తన భార్య అన్న సంగతి ఆయన దృష్టికి రాలేదు. ఆవిడ చెప్పినవి ఆయన దృష్టికి రావడం మామూలుగా కొంచెం ఆలస్యమే.

మార్చిలో చర్చికి యాభై ఏళ్ల పండగ వచ్చింది. మూడు రోజుల ధ్యానకూటాలు. వాక్యం చెప్పడానికి ఫాదర్ ఎస్తప్పాన్ అనే పేరుమోసిన గురువు కింద నుంచి వస్తున్నారు. ఆయన నరకం గురించి చెబితే వెనక వరసలో నిద్రపోయేవాళ్లు కూడా లేచి పాపాలు ఒప్పుకోవడానికి వరస కడతారని ప్రతీతి. ముండక్కయం నుంచి ఆయన్ని తేవడానికి జీపు పంపుదామన్నారు కమిటీవాళ్లు. సారు లేచి నిలబడ్డాడు.

“దైవజనుణ్ని ఎరువు బస్తాలు మోసే జీపులో తెస్తారా? నా కారు ఉండగా?”

అందరూ చప్పట్లు కొట్టారు. ఇంటికొచ్చి చెబితే పెన్నమ్మ మాత్రం కొట్టలేదు.

“సారూ, దిగేటప్పుడు బండి బుద్ధిగానే ఉంటుంది. వచ్చేటప్పుడే దాని సంగతి బయటపడుతుంది. అందులోనూ ముగ్గురం, సామాను.”

“నువ్వు రాకు. ఒక మనిషి బరువు తగ్గుతుంది.”

“వస్తాను. చక్రం కింద రాయి పెట్టడానికి ఒకరుండాలి.”

ఫాదర్ ఎస్తప్పాన్ నిండైన విగ్రహం. ఆయనతో బాటు ఒక హార్మోనియం, రెండు పెట్టెల పుస్తకాలు వచ్చాయి. పాపం గురించి రాసినవి కాబట్టి బాగా బరువు. పెన్నమ్మ వెనక సీట్లో పుస్తకాల పక్కన ఇరుక్కుంది. మిట్టమధ్యాహ్నం మొదలెట్టి, మొదటి నాలుగు మలుపులూ ఎలాగో ఎక్కారు. ఇంజిన్ అరుపు మించి వినపడాలని ఫాదర్ గొంతు పెంచి మాట్లాడుతున్నారు. నరకం అంటే నిప్పు కాదనీ, తన తప్పు తనకి తెలిసీ ఒప్పుకోలేని స్థితే నరకమనీ వివరిస్తున్నారు. సారు చాలా గొప్పగా ఉందని తల ఊపుతున్నాడు.

జలపాతం దాటాక వచ్చే పెద్ద మలుపులో బండి ఆగింది. ఇంజిన్ ఆగలేదు. అది ఉన్న బలమంతా పెట్టి అరుస్తోంది. బండి మాత్రం రోడ్డుకి మొక్కుబడి ఉన్నట్టు అక్కడే నిలబడింది. బానెట్టు కిందనుంచి సన్నగా పొగ లేచింది.

“ఏదో వాసన...” అన్నారు ఫాదర్, ముక్కుకి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని. ఆయన మూడు రోజులు చెప్పబోయే విషయానికి నమూనా ముందే అందింది.

“ఏం ఫర్లేదు ఫాదర్, ఇంజిన్‌లో దమ్ముంది” అని సారు ఇంకా నొక్కాడు. బ్రేకు వదిలిన క్షణంలో బండి వెనక్కి ఒక గజం జారింది. మళ్లీ తొక్కి పట్టాడు. మళ్లీ ప్రయత్నించాడు, మళ్లీ ఒక గజం. వెనక మలుపులో రోడ్డు అంచు, ఆ తర్వాత ఏమీ లేదు.

పెన్నమ్మ అప్పటికే తలుపు తీసింది. యాభై ఆరేళ్ల మనిషి, చీర ఎగదోపి, పిట్టగోడ నుంచి ఊడిన రాయి ఒకటి రెండు చేతులా మోసుకొచ్చి వెనక చక్రం కింద తోసింది. ఇంకోటి తెచ్చి రెండో చక్రం కింద పెట్టింది. తర్వాత డ్రైవరు కిటికీ దగ్గరికొచ్చి లోపలికి చెయ్యి పెట్టి తాళం తిప్పేసింది.

అరుపు ఆగింది. జలపాతం చప్పుడు వినబడింది.

“మనిషీ, చాలు” అంది. సారూ అనలేదు. “హ్యాండ్ బ్రేకు లాగి దిగండి.”

ఆయన దిగాడు.

అప్పుడే వెనకనుంచి బస్సొచ్చి ఆగింది. కండక్టరు తల బయటపెట్టాడు. ఖర్మ, అతనూ పాత శిష్యుడే.

“ఏంటి సారే, నడిరోడ్డు మీద క్లాసు పెట్టారా?”

బస్సులోంచి దిగినవాళ్లలో సగంమంది ఆయన చేత బెంచీ ఎక్కినవాళ్లే. ఎంత శ్రద్ధగా తోశారో చెప్పలేం. ఒకడు “బలం ప్రయోగిస్తున్నాం సారే” అన్నాడు. ఇంకొకడు “పని జరుగుతోందా సారే, స్థానభ్రంశం ఉందా?” అని అడిగాడు. బండిని రోడ్డు పక్క వెడల్పు చోట చేర్చి, ఫాదర్‌నీ హార్మోనియాన్నీ పాపాల పెట్టెల్నీ బస్సెక్కించారు. దైవజనుడు ఆడవాళ్ల సీట్లో, ఒక కోళ్ల బుట్ట పక్కన కూర్చుని కొండమీదికి వేంచేశారు.

పెన్నమ్మ పరీత్‌కి ఫోన్ చేసింది. జీపు తెచ్చి లాక్కెళ్లడానికి గంట పడుతుందన్నాడు. ఇద్దరూ పిట్టగోడ మీద కూర్చున్నారు.

ఈ ఘడియ కోసం ఆవిడ నాలుగు నెలలుగా మాటలు పోగేసుకుంది. తోటలో కలుపు తీస్తూ, కొట్టంలో కాయ తిరగేస్తూ ఒక్కొక్క మాటా నూరి పదునుపెట్టి ఉంచుకుంది. ఇప్పుడు నోరు తెరవడమే తరువాయి. తీరా ఆయన ముఖం చూసింది. మలుపులో మిగిలిపోయిన రాయినీ, దాని వెనక రోడ్డు అంచునీ మార్చి మార్చి చూస్తున్నాడు.

“నువ్వు రాకపోయి ఉంటే...” అన్నాడు.

“ఒక మనిషి బరువు తగ్గి ఉండేది” అంది పెన్నమ్మ. పోగేసినవాటిలో ఆ ఒక్కటీ ఆపుకోలేకపోయింది. మిగతావి మింగేసి, సంచీలోంచి మంచినీళ్లూ బియ్యప్పిండితో చేసిన రెండు అవలోసు ఉండలూ తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన పిల్లాడిలా తిన్నాడు. బెల్లం పాకం అంటిన వేళ్లు చూసుకుంటూ చాలాసేపు మాట్లాడలేదు. ముప్పై ఏడేళ్ల కాపురంలో అంతసేపు నిశ్శబ్దం ఆవిడ ఎరగదు. నిజం చెప్పాలంటే ఆవిడకి కొంచెం భయం కూడా వేసింది.

“పెన్నమ్మా, ఆ వాసన నెత్తళ్లది కాదనుకుంటా.”

“ఇప్పుడు తెలిసి ఏం లాభం. కాకులు బాగా తిన్నాయి.”

ఆయన నవ్వబోయి ఆపుకున్నాడు. ఆవిడ ఆపుకోలేదు.

మర్నాడు పరీత్ గేరుబాక్సు దించి, పాత ప్లేటు తీసి బల్ల మీద పెట్టాడు. పూత అన్నది లేదు. రివెట్ల తలలు పైకొచ్చి, వాటికి ఎదురుగా ఉన్న ఇంజిన్ చక్రాన్ని కూడా గీకి గాట్లు పెట్టాయి. కాలినచోట ఇనుము నీలంగా మారింది. సారు కళ్లజోడు తుడుచుకుని ఆ ప్లేటుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

“సారే, ఒకటి అడగనా? క్లచ్చు తొక్కనప్పుడు మీ ఎడమకాలు ఎక్కడుంటుంది?” అన్నాడు పరీత్.

“పెడల్ మీద.”

“తొక్కేటప్పుడు?”

“పెడల్ మీదే.”

ఆ కాలి బరువుకి సగం పట్టుతో ఆరేళ్లు రాసుకుని అరిగిన ప్లేటు బల్ల మీదే ఉంది. పరీత్ పెన్నమ్మ వైపు చూశాడు. ఇద్దరూ వెంటనే తలలు తిప్పి, మూలనున్న పాత టైర్లని చాలా శ్రద్ధగా చూశారు.

కొత్త ప్లేటు, దాన్ని నొక్కిపట్టే పళ్లెం, బేరింగు, అన్నీ వేశాక కారు మారు మాట్లాడకుండా కొండెక్కింది. ఇక్కడితో వదిలేస్తే ఆయన ఉలహన్నాన్ సారు ఎందుకవుతాడు? రెండు వారాలు తిరగకుండానే ఊరి గ్రంథాలయంలో ‘వాహన క్లచ్: అరుగుదల లక్షణాలు’ అని ఆదివారం ఉపన్యాసం పెట్టించాడు. నల్లబల్ల మీద రంగు సుద్దలతో బొమ్మ గీశాడు. క్లచ్ పట్టు పైకి జరగడం, పెడల్ గట్టిపడటం, ఇంజిన్ అరిచినా వేగం పెరగకపోవడం, కమురు వాసన, కదిలేటప్పుడు వణుకు. పెన్నమ్మ చెప్పిన మాటల్నే పెన్నమ్మ చెప్పిన వరసలోనే చెప్పాడు. మూడో వరసలో కూర్చున్న పెన్నమ్మకి తన మాటలు అంత గౌరవంగా వినబడటం అదే మొదటిసారి.

“ఇవన్నీ సుదీర్ఘ పరిశీలన వల్ల తేలిన సంగతులు” అని ముగించాడు సారు.

వెనకనుంచి పరీత్ చెయ్యెత్తాడు. “ఎవరి పరిశీలన సారే?”

“అంటే... ఇంట్లో.”

“ఇంట్లో ఎవరిది సారే? పేరు రాయకపోతే మార్కులు వేయను అనేవారు మీరు.”

గదంతా గొల్లుమంది. సారు సుద్దముక్క బల్ల మీద పెట్టాడు. చేతులు దులుపుకున్నాడు. మళ్లీ సుద్ద తీసుకున్నాడు. బోర్డు వైపు తిరిగి, అన్నిటికీ పైన, ఆ ముత్యాల్లాంటి చేతిరాతతో ‘పెన్నమ్మ’ అని రాశాడు.

పెన్నమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. ఉక్కగా ఉందని పక్కావిడతో చెప్పింది. ఆ రోజు పీర్మేడులో మంచు కురుస్తోంది, సగంమంది స్వెట్టర్లలో ఉన్నారు.

సోమవారం పొద్దున్నే ఆవిడ డ్రైవింగ్ స్కూల్లో పేరు రాయించుకుంది.

“ఈ వయసులోనా?” అన్నాడు సారు.

“మీరు నేర్చుకున్నప్పుడు మీకెన్నేళ్లు?”

“యాభై ఆరు.”

“నాకిప్పుడు యాభై ఆరే.”

లెక్కలు కూడా చెప్పినవాడు కాబట్టి రెండూ సమానమేనని ఒప్పుకున్నాడు.

నేర్పినతను పడుచువాడు. ఎత్తు మీద ఆగిన బండిని జారకుండా కదిలించడం నేర్పడానికి నెల పడుతుందన్నాడు. ఆవిడకి రెండు రోజులు పట్టింది. క్లచ్చు అందుకునే చోట ఇంజిన్ గొంతు రవ్వంత దిగుతుంది. అది వినబడగానే బ్రేకు వదిలేది, అంతే. పని అవగానే ఎడమకాలు తీసి నేల మీద పెట్టేది.

మొదటి పరీక్షలో ఫెయిలైంది. దానికి కారణం మైదానం అంచున నిలబడి, “ఇప్పుడు కుడికి! కుడికే! కుడంటే ఎడమ!” అని రెండు చేతులూ ఊపుతున్న ఉలహన్నాన్ సారు. అధికారి కాగితం మీద అడ్డగీత కొట్టి, “ఆయన మీకు ఏమవుతారు?” అని అడిగాడు. పెన్నమ్మ కాసేపు ఆలోచించి, తెలిసినాయనే అంది.

రెండోసారి పరీక్ష పెట్టిన రోజున, ఆవుకి ఒంట్లో బాగాలేదు, దగ్గరుండి చూసుకోమని ఆయన్ని ఇంట్లో కూర్చోబెట్టి వెళ్లింది. ఆవుకి ఏమీ లేదు. మైదానంలో పాతిన ఒక్క కర్రా పడకుండా, ఒక్కసారీ బండి ఆగకుండా, ఆ రోజు వచ్చినవాళ్లలో అందరికంటే ముందు పాసైంది. ఇంటికొచ్చేసరికి వాకిట్లో పాల బకెట్టు బోర్లా పడి ఉంది. సారు మెట్టు మీద కూర్చుని మోచేతికి నూనె రాసుకుంటున్నాడు.

“ఏమైంది సారూ?”

“ఆవు వెనక్కి తన్నింది. నేను పితికేది సరిగ్గానే ఉంది. అది నిలబడే కోణమే తప్పు” అని చెప్పి, ఆవిడ చేతిలో కాగితం చూశాడు. “పాసయ్యావా?”

“అయ్యాను.”

“చూశావా, ఎవరూ పక్కన లేకపోయినా ఎంత ధైర్యంగా చేశావో!”

పెన్నమ్మ కాగితాన్ని దేవుడి పటం వెనక దోపింది. చెంబుతో నీళ్లు తీసుకుని, చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, ఆవు దగ్గరికి నడిచింది.

“రండి, చూపిస్తాను. మొదట అది మిమ్మల్ని నమ్మాలి” అంది.